విజయనగర్ నుంచి విజయనగర్‌కి

మాది హైదరాబాదులో విజయనగర్ కాలనీ. "ఒక్క రోజు ఏ పనీ లేకుండా సముద్రం ఒడ్డున పడుండాలి" అని మా ఆవిడ పట్టుబట్టడంతో కిందటి డిసెంబరులో అండమాన్ వెళ్లాం. విమానం దిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. అక్కణ్ణుంచి పడవలో వెళ్లాల్సింది హేవ్‌లాక్ దీవికి. 2018 నుంచి అది స్వరాజ్ ద్వీప్. అందులో మా రిసార్టు ఉన్న బీచి పేరేమో విజయనగర్! చుట్టుపక్కల ఊళ్లు గోవిందనగర్, కృష్ణానగర్, రాధానగర్. షేర్ ఆటోలో పది రూపాయలతో పోయే పనికి విమానమెందుకని అడిగాను. ఆవిడ వినిపించుకోలేదు. ఏ పనీ లేకుండా ఉండటానికి కావాల్సిన సామాను సర్దుతోంది. తువ్వాళ్లు, ఆవకాయ సీసా, అరకేజీ బెల్లం గవ్వలు, ఒక నిమ్మకాయ.

మా విశ్రాంతి తెల్లవారుజామున నాలుగింటికి మొదలైంది. ఆరున్నర పడవకి గంట ముందే హాడో రేవులో ఉండాలట. ఆధార్ కార్డులు చూశారు, సంచులు యంత్రంలోకి తోశారు. పడవంటే నేను గాలి, అలలు, కాస్త కవిత్వం అనుకున్నాను. తీరా చూస్తే నీళ్ల మీద వోల్వో బస్సు. అద్దాలన్నీ మూసి ఏసీ వేశారు. అరగంట కాగానే ఆ బస్సు గుంతల రోడ్డెక్కింది. మా ఆవిడ నా ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టింది. శ్రీశైలం ఘాట్ రోడ్డుకి పనిచేసిన వైద్యం అండమాన్ సముద్రానికీ పనిచేస్తుందని ఆవిడ నమ్మకం. పక్క వరసలో ఒకాయన దీనంగా చూస్తే ఆయనకీ ఇచ్చింది. ఆ నిమ్మకాయ నాలుగు వరసలు తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి దీవి వచ్చేసింది. ప్రయాణం మొత్తం గంటన్నర.

రేవు బయట ఆటో అబ్బాయితో హిందీలో బేరమాడాం. ఆటోలో కూర్చున్నాక అతని గురించి తెలుగులో మాట్లాడుకున్నాం. "ఈ డబ్బుకి ఆటో కొనుక్కోవచ్చు" అని నేను. "మొహం చూడు, ఎంత అమాయకంగా పెట్టాడో" అని ఆవిడ. అబ్బాయి బుద్ధిగా బండి నడిపాడు.

రిసార్టు మాత్రం కాలెండరులో బొమ్మలాగే ఉంది. తెల్లటి ఇసుక, నీళ్ల మీదికి వాలిన చెట్లు, వాటికి కట్టిన వల ఉయ్యాలలు. సముద్రం ఒక్కటే లేదు. ఆ తూర్పు ఒడ్డున ఆటు వచ్చిందంటే నీళ్లు ఎక్కడికో పోయి, రాళ్లూ చచ్చిన పగడాలూ మిగుల్తాయి. సముద్రమేదని అక్కడ పనిచేసే కుర్రాణ్ణి అడిగితే "ఒంటిగంటకి వస్తుంది సార్" అన్నాడు. మా కాలనీలో మంజీరా నీళ్ల గురించి లైన్‌మన్ కూడా ఇలాగే చెబుతాడు. తేడా ఏమిటంటే సముద్రం చెప్పిన టైముకి వచ్చింది.

అందాకా వల ఉయ్యాలలో పడుకున్నాను. పడుకున్నానంటే, సంతసంచిలో గుమ్మడికాయలా ఉన్నాను. నాకు ఊరికే పడుకోవడం రాదని యాభై నాలుగో ఏట అక్కడ తెలిసింది. ఇంట్లో పడుకుంటాను, ఆఫీసులోనూ పడుకుంటాను. అక్కడ చెయ్యాల్సిన పని ఎదురుగా ఉంటుంది, దాన్ని ఎగ్గొట్టి పడుకుంటే ఆ నిద్ర రుచే వేరు. ఇక్కడ ఎగ్గొట్టడానికి కూడా పని లేదు. పావుగంటకి "గీజరు ఆపావా?" అని అడిగాను. "ఆ మాటే నేనూ ఆలోచిస్తున్నా" అంది మా ఆవిడ పక్క ఉయ్యాలలోంచి.

ఒంటిగంటకి వచ్చిన సముద్రంలో గంటసేపు మునిగి తేలాక రాధానగర్ వెళ్దామంది. అసలు మేం వచ్చిందే దానికోసం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచి అని మెచ్చుకున్న చోటు, సూర్యాస్తమయానికి పెట్టింది పేరు. డిసెంబరులో అక్కడ అయిదింటికల్లా పొద్దు కుంకుతుంది. మా పడవ నాలుగింటికి. మూడింటికే రేవులో ఉండాలి.

అయిదింటికే కుంకడమేమిటని ఆవిడ నా మీద విరుచుకుపడింది. లెక్క చెప్పాను. మన దేశం గడియారాలన్నీ నడిచేది కాకినాడ పక్కనుంచి పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే ఇక్కడ సూర్యుడు ఓ నలభై నిమిషాలు ముందే వచ్చి ముందే పోతాడు. మా ఆవిడది కాకినాడే. దేశమంతా వాళ్ల ఊరి టైము ప్రకారం నడుస్తోందని విని కోపం మరిచిపోయింది. మా ఇల్లు ఎప్పటినుంచో అలాగే నడుస్తోంది కనక నాకేం ఆశ్చర్యం కలగలేదు.

మా విజయనగర్ బీచేమో తూర్పు ముఖం. అక్కడ సూర్యోదయం బాగుంటుందట. మేం దిగేసరికి అదీ అయిపోయింది.

తిరుగు ప్రయాణానికి పొద్దుటి ఆటోయే వచ్చింది. దార్లో మా ఆవిడ సంచి తడిమి, "గవ్వలు సగం మిగిలిపోయాయి. విమానంలో పట్టుకెళ్దాం" అంది.

ఆటో ఆగిపోయింది. "గవ్వలు అట్టుకెళ్తే పట్టేస్తారమ్మా! కేసయిపోద్ది!" అన్నాడు అబ్బాయి వెనక్కి తిరిగి.

అక్కడ బీచిలో గవ్వలూ పగడాలూ ఏరుకుపోవడం నేరం. అయితే మా ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది ఆ చట్టం కాదు, పొద్దున ఆటోలో మేం తెలుగులో మాట్లాడుకున్న మాటలు. మా ఆవిడ గబగబా డబ్బా మూత తీసి చూపించింది. అబ్బాయి నాలుగు గవ్వలు నోట్లో వేసుకుని, వాళ్ల తాత సోంపేట నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడనీ, తను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదనీ చెప్పాడు. డబ్బా అతనికే ఇచ్చేశాం. ఛార్జీ మాత్రం పొద్దుటి రేటే తీసుకున్నాడు.

పడవలో ఇద్దరం ఒళ్లెరగకుండా నిద్రపోయాం. అయిదింటికి అద్దాల అవతల ఏం జరిగిందో తెలీదు.

మీరు వెళ్తే ఒక రాత్రి అక్కడే ఉండండి. గవ్వలు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి, వచ్చేటప్పుడు కాదు.