దాచమంటారా, ఒగ్గీమంటారా?

నాయకుడి పుట్టినరోజుకి ముందటి రాత్రి విశాఖ గాజువాకలో ఏ ఫ్లెక్సీ డిజైన్ షాపులోకి తొంగిచూసినా మార్పులే మార్పులు. ఎమ్మెల్యేగారి తల ఇంకాస్త పెరగాలి. కార్పొరేటర్‌గారి తల ఆ మేరకు తగ్గాలి. కిందటేడాది కండువా రంగు ఈ ఏడాది పనికిరాదు. అడుగున "ఇట్లు" అన్నచోట పన్నెండు మంది కుర్రాళ్ల ముఖాలు ఇరికించారు, పదమూడోవాడు ఇప్పుడే బండి దిగాడు. "గురూ, మావోడి ఫొటో మరీ అంత సిన్నగెట్టావేటి?" అని వెనకనుంచి ఒక గొంతు. అన్నీ అయ్యి, ప్రింటుకి పంపి, డిజైనర్ ఫోటోషాప్‌లో ఫైలు మూయబోతే చిన్న పెట్టె ఒకటి లేచి నిలబడుతుంది. మూసేముందు మార్పులు సేవ్ చెయ్యాలా? యెస్, నో, క్యాన్సిల్.

పెట్టెగారు చూడ్డానికి మర్యాదస్తులు. మన కష్టం గంగపాలు కాకుండా కాపలా కాస్తున్నట్టే కనిపిస్తారు. అదంతా నటన. ఆయనకి కావలసింది మన మేలు కాదు, మన సంతకం. రేపు ఫైలు పోయి ఎమ్మెల్యేగారి తల పాత సైజులో ప్రత్యక్షమైతే "అడిగాం కదండీ, మీరే నో అన్నారు" అని చేతులు దులుపుకోవడానికి ఒక ఆధారం. ఏ సర్కారీ ఆఫీసు మెట్లెక్కినవాడైనా ఈ వరస ఇట్టే పోల్చుకుంటాడు.

అసలాయన బుర్రలో ఉన్న లెక్క ఒకటే: మారింది, మారలేదు. ఎంత మారింది, ఆ మార్పుకి విలువెంత అన్న విచారణ ఆయన సిలబస్‌లో లేదు. ఆరు గంటలు కూర్చుని నాయకుడి క్రాపులో వెంట్రుకలు ఒక్కొక్కటే కత్తిరించి, వెనకాల రుషికొండ అతికించినా అదే ప్రశ్న, అదే గొంతు. ఒక్క లేయరు కనపడకుండా కన్ను మూసినా అదే ప్రశ్న. పాత వెర్షన్‌లో చేసిన శుభలేఖ తెరిస్తే, అక్షరాల లేయర్లు అప్‌డేట్ చెయ్యాలా అంటారు. సరే అంటాం. అను ఫాంట్లో ఒక్క ఒత్తు కూడా ముట్టకుండా మూయబోతే, మార్పులు చేశారు కదా ఏం చెయ్యమంటారు అంటారు. చేసింది తను, నేరం మన మీద! ఇలా పొద్దస్తమానం అడిగితే వేలు చదవడం మానేస్తుంది. పెట్టె పూర్తిగా లేచేలోపే నో నొక్కేస్తుంది. పనికిమాలిన చోట పదిసార్లు నొక్కి అలవాటుపడిన వేలే పదకొండోసారి అసలైన చోట నొక్కుతుంది. అప్పుడు మాత్రం తప్పు వేలిది.

ఫోటోషాప్‌కి డబ్బు పెట్టలేనివాళ్లకి అదే పని చేసే గింప్ ఉంది. 1995లో బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన పుణ్యకార్యం. పైసా అడగరు, ప్రశ్న మాత్రం అడుగుతారు. 2012 మేలో వచ్చిన 2.8 వెర్షన్ నుంచి అక్కడ సేవ్ అంటే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లోనే; జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. సరే, పోర్టున్న ఊరివాళ్లం, ఎగుమతి మనకేం కొత్త కాదు. జేపెగ్ ఎగుమతి చేశాం, వాట్సాప్‌లో పంపాం, అవతలివాడు బొటనవేలు ఎత్తాడు. మూయబోతే పెట్టెగారు లేచి, సేవ్ చెయ్యకపోతే గత ఇన్ని గంటల మార్పులు పోతాయని హెచ్చరిస్తారు. ఈ బొమ్మ ఫలానా పేరుతో ఎక్స్‌పోర్ట్ అయిందని కూడా అక్కడే రాస్తారు. జేపెగ్‌లో లేయర్లు ఉండవు కాబట్టి అడుగుతున్నాం అంటారు గింప్ వాళ్లు. న్యాయమే. కానీ పోయే గంటలు అంత పక్కాగా లెక్కగట్టగలిగినవారు ఆ గంటల పనిని కూడా ఓ పక్కన దాచిపెట్టొచ్చు కదా అంటే, అది ఆయన డ్యూటీ కాదు. పైగా గింప్ మొత్తం మూసేటప్పుడు అన్ని మార్పులూ ఒక్క దెబ్బతో పారేయడానికి కంట్రోల్ డి ఇచ్చారు. కీబోర్డు మీద ఎస్ పక్కింట్లో ఉంటుంది డి. దాచే మీటకీ పారేసే మీటకీ మధ్య ముప్పావు అంగుళం!

నో సంగతి అలా ఉంచండి, యెస్ అంటే క్షేమమా? శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఒకాయన వాళ్ల నాన్నగారి ఫొటో తెచ్చాడనుకోండి. ఇంట్లో మిగిలింది అదొక్కటే, ఆ స్కాన్ పెన్‌డ్రైవులో ఉంది. డిజైనర్ దాన్ని తెరిచి, ముఖం వరకు కత్తిరించి, చిన్నది చేసి, కాపీ తీసి ఫ్లెక్సీలో పెట్టాడు. స్కాన్ మూస్తుంటే పెట్టెగారు లేచారు. సేవ్ అంటే మంచిమాటే కదా అని యెస్ నొక్కాడు. జేపెగ్ నాణ్యత 0 నుంచి 12 లోపు ఎంత ఉండాలని వినయంగా అడిగి మరీ పని కానిచ్చారు. నాన్నగారి భుజాలు, వెనకాల అరుగు, పక్కన కూర్చున్న అమ్మ, అన్నీ పోయాయి. తపాలాబిళ్లంత ముఖం మిగిలింది. మీ పాత ఫొటో చెరిపేసి ఆ స్థానంలో దీన్ని పెట్టమంటారా అని అడిగి ఉంటే ఎవడూ యెస్ అనడు. అందుకే అలా అడగరు.

పోనీ, దాచడం చేతకాక అడుగుతున్నారా అంటే అదీ కాదు. 1990లో ఫోటోషాప్ మొదటి వెర్షన్ వచ్చేనాటికి డిస్కులు ఇరుకు. ప్రతి మార్పూ దాచుకుంటూ పోతే చోటు చాలదు, అడిగారంటే అర్థముంది. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఫోటోషాప్ మనల్ని అడక్కుండానే పది నిమిషాలకోసారి చాటుగా ఒక కాపీ రాసిపెట్టుకుంటోంది. మధ్యలో ప్రోగ్రాం కూలిపోతే, మళ్లీ తెరిచినప్పుడు తిరిగి ఇవ్వడానికట. అంటే, కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ హెడ్డాఫీసున్న ఈ ఊళ్లో కరెంటు పోతే పోయేది మహా అయితే చివరి పది నిమిషాల పని. కరెంటు నిక్షేపంగా ఉండగా మనిషి నో నొక్కితే మాత్రం చాటున దాచిన కాపీ కూడా చెత్తబుట్టలోకే. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను ఊరంతా చీకటి చేసినా మన్నించగల పెట్టెగారు, నిద్రమత్తులో జారిన ఒక్క వేలిని మన్నించలేరు. ప్రకృతి వైపరీత్యానికి పరిహారం ఉంది, పౌరుడి పొరపాటుకి లేదు.

ఫోటోషాప్ చేసిన అడోబీ కంపెనీయే 2007లో లైట్‌రూమ్ తెచ్చింది. అందులో ఫొటోకి ఎన్ని సోకులు చేసినా మూసేటప్పుడు సేవ్ చెయ్యాలా అని నోరెత్తదు. ప్రతి మార్పూ తన కేటలాగులో రాసుకుంటుంది, అసలు ఫొటో జోలికి పోదు. యాపిల్ 2011లో మ్యాక్ లయన్‌తో తన ప్రోగ్రాములకి వాటంతటవే దాచుకోవడం నేర్పింది. అంతకన్నా ముందు 1995లోనే అలన్ కూపర్ 'అబౌట్ ఫేస్' పుస్తకంలో ఈ పెట్టె మీద విరుచుకుపడ్డాడు: మెమరీకీ డిస్కుకీ మధ్య కాపరం గొడవలు యంత్రం ఇంటి విషయం, వాటిలోకి మనిషిని లాగడమేమిటని. ఒక తరం డిజైనర్లు ఆ పుస్తకం చదివి పెద్దవాళ్లయ్యారు. పెట్టెగారు మాత్రం రిటైరవలేదు.

మూడో బటన్ క్యాన్సిల్ గురించి విశాఖవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దాచరు, పారేయరు, ఫైలు అలా తెరిచే ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీని నూటికి నూరుపాళ్లు అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా సరేనంది. 2025 జనవరిలో అదే కేంద్రం రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఇంతకీ అమ్మకం ఫైలు మూసినట్టా, తెరిచి ఉన్నట్టా అని ఫ్యాక్టరీ పక్కనున్న కూర్మన్నపాలెంలో అడిగి చూడండి, ఎవరి జవాబు వాళ్లది. ఈ ఊరిని పాలనా రాజధాని చేసే బిల్లుకి 2020 జనవరిలో అసెంబ్లీ యెస్ నొక్కింది. 2021 నవంబరులో అదే అసెంబ్లీ నో నొక్కుతుంటే, ఇంకా మెరుగైన బిల్లుతో మళ్లీ వస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇక ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధమైతే సాక్షాత్తూ ఈ ఊళ్లోనే, 2022 ఆగస్టు 26న, అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ మార్పు ఎంతవరకు సేవ్ అయిందో జగదాంబ జంక్షన్‌లో నిలబడి తలెత్తి చూసుకోవచ్చు.

మళ్లీ పెట్టెగారి దగ్గరికొస్తే, అడక్కుండా పని కానిచ్చే విద్య అడోబీకి రాదనుకునేరు. 2013 నుంచి ఫోటోషాప్ కొత్త వెర్షన్లు అమ్మకానికి లేవు, అద్దెకే. నెలనెలా కార్డులోంచి డబ్బు లాగేటప్పుడు ఏ పెట్టే లేవదు, యెస్సా నోనా అని ఎవరూ అడగరు. మానేస్తామంటే మాత్రం పేజీ తర్వాత పేజీ లేస్తుందనీ, మధ్యలో మానేస్తే కట్టాల్సిన రుసుము సంగతి కనపడకుండా దాచారనీ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీ మీద కేసు వేసింది. మన దగ్గర కొన్ని షాపులకి ఈ బాధ లేదు. వాళ్ల సిస్టంలో ఉన్న ఫోటోషాప్‌కి అద్దె ఎవరికి కట్టాలో ఇంతవరకు ఏ పెట్టే అడగలేదు.