ఎడిసన్ ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలం:

ఆ. బ్రిడ్జి చెంత నుంచు వేడియౌ హంబకర్
గెయిను తగ్గజేయి కినుక మాని
హోరు నణచినపుడె యొప్పారు సోలోలు
పక్కవారి నిద్ర పాడు గాదు

అవతారిక. ఈ పద్యం చెప్పిందెవరో తెలియదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఏదో టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో, సోనామసూరి బస్తాకీ ఫర్నేస్‌కీ నడుమ గిటారు పట్టుకు కూచున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కృతి అయి ఉంటుందనీ, చెప్పిన వేళ శనివారం రాత్రి పదకొండు దాటాక అనీ నాలుగో పాదాన్ని బట్టి ఊహ. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే కాళిదాస వ్యాఖ్యాత మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు.

బ్రిడ్జి చెంత: గిటారు ఎరగని వ్యాఖ్యాత ఇక్కడే కాలు జారతాడు. ఎడిసన్ వాసికి బ్రిడ్జి అనగానే అవుటర్‌బ్రిడ్జ్ క్రాసింగూ దాని టోలూ గుర్తొస్తాయి. అది దాటితే స్టాటెన్ ఐలండ్. 1972లో సూపర్ డిస్టార్షన్ అనే పికప్ (తీగ ఊపును సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) చేసి, ఉన్న పికప్ ఊడదీసి వేరేది బిగించుకునే అలవాటును లోకానికి అంటించిన లారీ డిమార్జియో కంపెనీ ఆ ద్వీపానిదే. కనుక ఈ అర్థమూ పొసగుతుంది. శ్లేష అని మెచ్చుకోవచ్చు. ప్రకృతార్థం మాత్రం వేరు. గిటారు బొజ్జ మీద తీగలు ఆనుకునే లోహపు దిమ్మే బ్రిడ్జి. ఆ చివర తీగ ఊపు చిన్నది, కానీ ఆ ఊపులో హార్మోనిక్స్ పాలు ఎక్కువ. డిస్టార్షన్ దట్టించినప్పుడు మెడ దగ్గరి లావు శబ్దం సంకటిలా ముద్దవుతుంది. బ్రిడ్జి దగ్గరిది పలుకు విడిన అన్నంలా దేనికది తెలుస్తుంది. నిదానంగా సాగే సోలోకి మెడ పికప్ తియ్యదనం వేరని వాదించేవారున్నారు. వారిది తప్పు కాదు, వారికి వేరే పద్యం కావాలి.

హంబకర్: హంబ అంటే ఆవు అరుపు, కర అంటే చేసేది, కాబట్టి హంబారవం చేసేదని పూర్వపక్షం. సిద్ధాంతం సరిగ్గా తలకిందులు. హమ్ అంటే హోరు, దాన్ని ఎదిరించేది హంబకర్. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు తీగచుట్టలను పక్కపక్కన పెట్టాడు. ఒకదాని చుట్టు రెండోదానికి ఎదురు, అయస్కాంతపు ధ్రువాలూ ఎదురే. బయటి నుంచి వచ్చే హోరు రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ పలుకు మాత్రం రెండుసార్లు ఎదురై మళ్ళీ ఒకే వైపు తిరిగి, కూడుకుంటుంది.

1955లో ఆయన పేటెంట్‌కు దరఖాస్తు పెడితే 1959లో చేతికొచ్చింది. ఈలోగా పికప్‌ల అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చీటీ అంటించి అమ్మారు. ఆ చీటీయే బిరుదై, ఇవాళ వాటిని పి.ఏ.ఎఫ్.లని కళ్ళకద్దుకుంటున్నారు. లేఖక దోషాలు తాళపత్రాలకే పరిమితం కావనడానికి తర్వాతి చీటీ సాక్షి. దాని మీద వేసిన 2,737,842 నంబరు పికప్‌ది కాదు. న్యూజెర్సీలోనే మావాలో కాపురమున్న లెస్ పాల్ చేసిన బ్రిడ్జిది. పొరపాటో, పోటీదారులను దారి తప్పించే ఎత్తో గాని, నకలు చేయబోయి ఆ పేటెంటు తెప్పించుకున్నవాడికి హంబకర్ బదులు మళ్ళీ బ్రిడ్జే చేతికొస్తుంది.

వేడియౌ: వాదమంతా ఈ విశేషణం దగ్గరే. వేడి పికప్ అంటే ముట్టుకుంటే కాలేది కాదు, యాంప్‌కు సిగ్నల్ బలంగా అందించేది. కొట్లో అడిగితే ఓమ్‌ల లెక్క చెబుతారు. పాత పి.ఏ.ఎఫ్. 8 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల, సూపర్ డిస్టార్షన్ 14కు దగ్గర, న్యూజెర్సీలోనే పుట్టిన సీమోర్ డంకన్ చేసిన జె.బి. 16 పైచిలుకు. అంకె పెద్దదైతే వేడి పెద్దదనుకోవడం, తూకం చూసి పుచ్చకాయ ఎర్రగా ఉంటుందనుకోవడం లాంటిది. చుట్టలోని తీగ సన్నబడినా ఓమ్‌లు పెరుగుతాయి. అయస్కాంతం అల్నికోనా సిరామిక్కా అన్నది ఓమ్ మీటరు చెప్పదు.

పైగా హై గెయిన్ యాంప్‌లో సిగ్నల్‌ను పెంచే అంతస్తులు ఒకదాని మీద ఒకటి ముందే ఉంటాయి. గుమ్మంలోకే పొంగుతూ వచ్చిన సిగ్నల్ మొదటి అంతస్తులోనే నలిగి, కింది తీగలు బురదవుతాయి. ఎడ్డీ వాన్ హేలెన్ తన సొంత గిటారులో బ్రిడ్జి దగ్గర బిగించింది ఒక గిబ్సన్ ఇ.ఎస్.-335లోంచి తీసిన పాత హంబకర్. కీచుమనకుండా దాన్ని కరిగించిన మైనంలో ముంచాడు. 1978లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో రంకెలు వేసింది అటువంటి గోరువెచ్చని పికప్పే. అందుకే కొందరు ‘వేడియౌ’ చోట ‘మేలియౌ’ అని పాఠాంతరం చూపుతారు. ‘బ్రి’కి ‘మే’తో యతి కుదరదు కనుక వ్యాఖ్యాత దాన్ని స్వీకరించలేడు. శబ్దం మాత్రం బాగుపడుతుంది.

గెయిను తగ్గజేయి: అర్థం స్పష్టం. ఆచరణే దుర్లభం.

కినుక మాని: ఈ రెండు మాటలూ పద్యానికి ప్రాణం. గెయిన్ నాబ్ తొమ్మిది మీంచి ఆరుకు దింపమంటే గిటారు వాయించేవాడి మొహం, నాలుగో గారె వద్దనిపించుకున్న బావమరిదిలా అవుతుంది. కారణముంది. గెయిన్ ఎక్కువైతే చేతి తప్పులు కప్పడిపోతాయి, నోటు ఆగకుండా సాగుతుంది. ఆ సాగుడు మోజు తెలుగువాడికి కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకున్నది, టక్కుమని ఆరిపోయే నాదంలో గమకం నిలవదనే. ఆయన గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసింది కూడా వాన్ హేలెన్ ఆల్బమ్ వచ్చిన 1978లోనే. పికప్‌తో నాదాన్ని సాగదీసినా పలుకు చెదరనివ్వకపోవడం ఎలాగో తెలియాలంటే ఆయన రికార్డింగులు చాలు; పాతిక పెడళ్ళు అక్కర్లేదు.

హోరు: ఏ హోరు? ఇక్కడ స్థలపురాణం అవసరం. ఈ టౌన్‌షిప్ పేరు 1954 దాకా రారిటన్. 1877లో ఫోనోగ్రాఫ్ పుట్టిన మెన్లో పార్క్ ఇక్కడిదే కనుక, ఎడిసన్ గౌరవార్థం 1954లో పేరు మార్చారు. అదే ఏడు ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌ను, ఒక్కోటి ఒంటి చుట్టతో ఉన్న మూడు పికప్‌లతో సహా, బజారులోకి తెచ్చింది. గోడ ప్లగ్గులో దిక్కులు మార్చుకుంటూ పారే కరెంటు ఆ ఒంటి చుట్టలో గుంయ్‌మంటుంది. ఎడిసన్ డైరెక్ట్ కరెంటు మతస్థుడు. దిక్కులు మారే ఆల్టర్నేటింగ్ కరెంటు ఆయన ప్రత్యర్థులు టెస్లా, వెస్టింగ్‌హౌస్‌లది. ఊరికి ఎడిసన్ పేరు, హోరు వెస్టింగ్‌హౌస్ వారిది. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఇ.ఎం.జి. 81 పికప్, మెటాలికా వారి చేతుల్లో పేరెక్కినది, హోరు తక్కువగా పలుకుతుంది. బ్యాటరీ అంటే డైరెక్ట్ కరెంటే గనుక పెద్దాయన ఈ ఊళ్ళో ఆ మేరకు గెలిచినట్టు.

మరో చమత్కారం. ఇండియాలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60. 50ని షడ్జంగా పట్టుకుంటే 60 దానికి 6:5 నిష్పత్తిలో సాధారణ గాంధారం. విజయవాడ నుంచి ఎడిసన్‌కు వలస వచ్చినవాడి హోరు మంద్రంలోనే స నుంచి గ కు ఎక్కిందన్నమాట.

నణచినపుడె: అణచడం ఎలాగన్నది కవి చెప్పలేదు, టీకాకారుడే చెప్పాలి. యాంప్‌లో తీగ శబ్దం పైకప్పుకు తగిలి అక్కడితో ఆగిపోతుంది. హోరు చిన్నది కనుక దానికా అడ్డు లేక, గెయిన్ పెంచినకొద్దీ ఎదుగుతూ పోతుంది. అందుకే రెండు నోట్ల మధ్య మౌనం వినబడదు. ఒంటి చుట్ట పికప్ ఉన్నవాడు గిటారు పట్టుకుని బేస్‌మెంట్‌లో మెల్లగా గుండ్రంగా తిరుగుతాడు, హోరు తగ్గే దిక్కు కోసం. అది ఈశాన్యమైతే వాస్తు అని మురుస్తాడు, కాకపోతే లైటు డిమ్మర్‌ను తిడతాడు. హంబకర్ ఉన్నవాడికి ఆ ప్రదక్షిణం తప్పుతుంది. అతను స్క్రూడ్రైవర్ తీసి పికప్ పక్క మరను పావు చుట్టు తిప్పుతాడు, తీగను చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టి సందు చూస్తాడు, మళ్ళీ పావు చుట్టు దింపుతాడు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి నోటును వణికిస్తుంది, మరీ దూరమైతే పలుకు నీరసిస్తుంది.

తాత్పర్యము. ఓ మిత్రమా, యాంప్‌లో ఎలాగూ ఉన్న వేడిని పికప్‌లో కొనుక్కోకు. బ్రిడ్జి దగ్గర తగుమాత్రం హంబకర్ బిగించి, నాబ్ తిప్పు, అలగకు, సోలో దానంతటదే తేలుతుంది అని భావము.

పక్కవారి నిద్ర పాడు గాదు: కొన్ని ప్రతుల్లో ‘పాడు గాదా’ అని దీర్ఘం కనిపిస్తుంది. అలా చదివితే గణం చెడుతుంది. ఆ పాఠం ఉన్న ప్రతులన్నీ గోడ అవతలి ఇంట్లో దొరికినవి.