చక్కెర ఊళ్లో పుల్లటి కాపురం

మాది ధర్మాబాద్. ఊరు మహారాష్ట్రలో ఉంది, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పప్పు మాత్రం మరాఠీ. అంటే పప్పు ఉడికి, పోపు పడ్డాక చిన్న బెల్లం ముక్క కూడా పడితేనే అది పప్పు. లేకపోతే జ్వరం పథ్యం. అలాంటి ఇంటికి నిజామాబాద్ జిల్లా బోధన్ సంబంధం వచ్చేసరికి మా బాపు ఇంకేమీ విచారించలేదు. "శక్కర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. వియ్యంకుడు గండ్లనే కొలువు చేస్తుండు. పిల్లకు ఏది తక్కువైనా తీపి తక్కువ గాదు" అని లగ్గం ఖాయం చేసేశాడు.

బాపు లెక్కను కాదనలేం. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లు కాలువలకు వచ్చాయి. నీళ్లను చూసి చెరకు వచ్చింది. చెరకును చూసి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీని చూసి శక్కర్‌నగర్ అని చక్కెర పేరు మీదే ఒక ఊరు లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు చెప్పుకున్న కార్ఖానా అది. అంత తీపిని గోడ పక్కన పెట్టుకున్న జనం, పప్పులో బెల్లం ముక్క కనబడితే పురుగు కనబడ్డట్టు చూస్తారని ఏ ఆడపిల్ల తండ్రి మాత్రం ఊహిస్తాడు?

అత్తగారింట్లో మొదటి పూట నా కంచంలోకి పుంటికూర పప్పు, అంటే గోంగూర పప్పు వచ్చింది. దాని పక్కన చింతకాయ తొక్కు. దాని మీదికి పచ్చిపులుసు. చివర్లో కాస్త ఊరట దొరుకుతుందని పెరుగు వేసుకున్నాను. అదీ పులిసింది. నేను ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ముద్ద మింగుతుంటే మా మామ కంచంలోంచి తలెత్తి, "పప్పు జర సప్పగున్నదే ఇయ్యాల" అన్నాడు. అత్తమ్మ తల ఊపి లోపలికి పోయింది. చింతపండు పిసుకుతున్న చప్పుడు వినబడింది.

ఈ పులుపు పిచ్చికి కారణం మామనే అడిగాను. ఆయన చెప్పింది వింటే నమ్మబుద్ధేసింది. నవంబరు వచ్చిందంటే చెరకు గానుగ మొదలవుతుంది, మార్చి దాకా ఆగదు. ఫ్యాక్టరీ తిరిగినన్ని రోజులు ఊరంతా మొలాసిస్ వాసనే. ఆరేసిన బట్టలకు అదే, తలకు అదే, తాగే నీళ్లకూ అదేనని ఆయన అనుమానం. "పొద్దంత గా తీపి వాసన పీల్చి ఇంటికొస్తే, నాలుక మీద ఇంత పులుపు వడితెనే పానం లేచొస్తది" అన్నాడు. అంటే బోధన్ వాళ్లు చక్కెరను ముక్కుతోనే తినేశారన్న మాట. ఇక నోటికి మిగిలింది పులుపు.

అత్తమ్మ వాదన ఇంకా వెనక్కి పోతుంది. బోధనే ఏకచక్రపురమని ఇక్కడ గట్టి నమ్మకం. బకాసురుడికి రోజూ బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి తిండిగా పోయేది ఇక్కడేనట. ఆ కథ విన్నప్పుడల్లా నాకొకటే సందేహం: బండెడు అన్నంలోకి కూరేమిటి? వ్యాసుడు దాని సంగతి పట్టించుకోలేదు. అత్తమ్మకు సందేహాల్లేవు. "కూర లేకనే వాడు మనుషుల మీద వడ్డడు. ఇంత పుంటికూర ఏసి పంపితే అన్నంతోనే కడుపు నిండు" అంటుంది. బండి తోలుకుపోయిన భీముడు ఆ అన్నమంతా తనే తిని, తర్వాత వాణ్ని చంపాడు. ఆ భీముడే విరాటరాజు కొలువులో వంటవాడుగా చేరాడంటే, కూర లేని అన్నం బాధ ఈ ఊళ్లోనే తెలిసొచ్చి ఉంటుంది. ఇది నా ఊహ. పురాణ పండితులు క్షమించాలి.

మా ఇంటి గోడకు క్యాలెండరు ఉంది కానీ ఏ నెల నడుస్తోందో చెప్పేది పొయ్యి మీది పులుపు. ఉగాదికి పచ్చిమామిడి. కొత్త కుండలో తాగేటట్టు పల్చగా కలిపే పచ్చట్లో బెల్లం వేయక తప్పదు కాబట్టి ఆ ఒక్క రోజు వేస్తారు. ఆరు రుచుల్లో ఐదు కలిసి పులుపును పల్లకీలో మోసుకొస్తున్నట్టు ఉంటుంది మా కుండ. ఎండలు ముదిరితే పచ్చిపులుసు. కాల్చిన మిరపకాయలు, పచ్చి ఉల్లిగడ్డ, చింతపండు నీళ్లు, అంతే. అనుకోకుండా చుట్టాలు దిగితే వాళ్ల చెప్పుల జతలు చూసి అన్ని చెంబుల నీళ్లు పోస్తే సరిపోతుంది. ప్రపంచంలో ఇంకే కూరకూ ఈ సౌకర్యం లేదు. దసరా ముందు సద్దుల బతుకమ్మకు సద్దుల్లో ముందు కలిపేది పులిహోర. కార్తీకంలో ఉసిరికాయ. చలికాలం చుక్కకూర, టమాటా. సంక్రాంతికి రేగుపండ్లు. వీటిలో ఏదీ లేని రోజున, సంవత్సరాల నాటి చింతకాయ తొక్కు జాడీ మూత లేస్తుంది.

చింతచిగురు సంగతి వేరే చెప్పాలి. ఎండాకాలం మొదట్లో పాత రోడ్ల పక్కన ఉన్న చింతచెట్లు లేత చిగురు తొడుగుతాయి. అది నాలుగు రోజుల భాగ్యం. ముదిరితే పిప్పి. దోటి పట్టుకుని ఒకరు కొమ్మ వంచితే, కింద చీర చెంగులు పట్టుకుని మిగతావాళ్లు. తెచ్చిన చిగురును కాసేపు నీడన ఆరబెట్టి రెండు అరచేతుల మధ్య నలిపి చాటలో చెరిగితే ఈనెలూ పుల్లలూ వేరవుతాయి. ఈ నలపడంలో మా అత్తమ్మ చేతులు యంత్రాలు. నేను నలిపితే సగం చిగురు, సగం గోరింటాకు. రోడ్లు వెడల్పు చేసి చెట్లు కొట్టేశాక చింతచిగురు మార్కెట్టుకెక్కింది. ఇప్పుడు ధర అడిగినవాడు అదే కాళ్లతో మటన్ దుకాణం వైపు నడుస్తాడు. నిజమైన నిజామాబాద్ వాడైతే రెండూ కొనుక్కొచ్చి కలిపి వండమంటాడు. అప్పు సంగతి తర్వాత.

ఇక పుంటికూర. జూన్‌లో తొలకరి పడగానే చల్లిన గింజ, శ్రావణం నాటికి మోకాలెత్తు లేస్తుంది. ఎర్ర కాడది ఎక్కువ పులుపు, తెల్ల కాడది తక్కువ. మా ఇంట్లో తెల్లదాన్ని కూరగా లెక్కపెట్టరు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆకు తుంచడం అప్పట్లో మేమున్న ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆడవాళ్ల శాసనసభ. ఊళ్లో ఎవరి సంబంధం కుదిరింది, ఎవరిది తప్పింది అన్నీ అక్కడే తేలేవి. ఒళ్లో కొండంత ఆకు ఉన్నా గిన్నెలో పడ్డాక పిడికెడే అవుతుంది. ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు పెట్టి పప్పుగుత్తితో మెదిపితే వచ్చే వాసనకు, పక్క క్వార్టర్‌లో భోజనం ముగించిన మనిషి కూడా చేయి కడుక్కోకుండా ఆలోచనలో పడతాడు.

ఆ క్వార్టర్స్‌లో ఒకే ఆకు నాలుగు పొయ్యిల మీద నాలుగు వేషాలు వేసేది. మా గోడకు అటువైపు ఖాలా ఇంట్లో అంబాడే కీ భాజీ, దాని పక్కన ఖట్టీ దాల్. ఎదురింటి నాందేడు కాకూ అదే ఆకును ఉడికించి జొన్నరొట్టెలోకి పెట్టేది. నిజాంసాగర్ నీళ్ల వెంట కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన వాళ్లలో ఒక పిన్నిగారు ఉండేవారు. ఆవిడ గోంగూరను నూనెలో ముంచి, మీద ఇంకా నూనె పోసి, "ఇది అసలైన పచ్చడి" అని గిన్నెతో పంపేవారు. అత్తమ్మ ఆ నూనెను జాగ్రత్తగా వంచి, దాంతో మర్నాడు వంకాయ వేయించేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కనుక అందులో మా పప్పు పోయేది. ఎవరిది వాళ్లకు అసలైనది. అసలు మాటకొస్తే టమాటా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, చింతచెట్టు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చింది. బోధన్‌లో మనుషులే కాదు, పులుపు కూడా వలస వచ్చిందే.

ఈ మధ్యలో నా బెల్లం ముక్క ఒంటరి పోరాటం చేస్తూనే ఉంది. అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు పప్పులో వేస్తే, బయటికొచ్చి వాసన చూసి, "ఓ పిల్లా, ఇయ్యాల పండుగేమన్నున్నదా?" అనేది. మా పుట్టింటి పక్కనే గోదావరి మీద బాభళి బ్యారేజీ కట్టడం మొదలైనప్పటి నుంచీ నా పరిస్థితి మరీ ఇరకాటం. పై ఊరి దాన్ని నేను, దిగువన శ్రీరాంసాగర్ నీళ్లు తాగేది వీళ్లు. కూరలో నీళ్లు తక్కువైనా "మీ మరాఠోళ్లు ఆపిన్రా?" అని అడిగేవాడు మా ఆయన. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. పేపర్లో ఆ తీర్పు రెండుసార్లు చదివిన మామ, అదే ఊపులో మా ఇంటి వివాదం కూడా తేల్చేశాడు. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా పుంటికూర కాలం కనుక బెల్లం డబ్బా గేట్లు మూసి ఉంచాలి. మార్చి 1న కోడలు గోరంత వదలవచ్చు. పర్యవేక్షణ కమిటీ అత్తమ్మ. అప్పీలు లేదు.

ఇప్పుడు మేం నిజామాబాద్ టౌన్‌లో ఉంటున్నాం. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరిపించే మాట గట్టిగా వినబడుతుంది. చెరకు పండిన మడుల్లో చాలాచోట్ల వరి ఉంది. మొలాసిస్ వాసన పోయింది కాబట్టి నాలుకకు పులుపు మందు అక్కర్లేదు కదా అని ఒకసారి మామతో న్యాయం మాట్లాడాను. "ఇక్కడ పసుపు వాసనొస్తలేదా మరి?" అన్నాడు. వస్తుంది, కాదనను. ఫిబ్రవరి నుంచి మార్కెట్ యార్డు వైపు పోతే ముక్కు పచ్చబడుతుంది.

జిల్లా మొత్తం పేరు తెచ్చుకున్న పంటలు చెరకు, పసుపు. చక్కెర మా ఇంట్లో ఛాయిలో చెంచాడు, పసుపు కూరలో చిటికెడు. పళ్లెం నిండా ఉండేది ఎవరూ పేరు చెప్పుకోని ఆకు. చెరకుకు రుద్రూరులో పరిశోధన కేంద్రం ఉంది. పసుపుకు 2025లో నిజామాబాద్‌లోనే జాతీయ బోర్డు వచ్చింది. పుంటికూరకు మా అత్తమ్మ ఉంది. పసుపు కాస్త గౌరవంగా పడేది చింతకాయ తొక్కులోనే. పచ్చి చింతకాయలు, ఉప్పు, పసుపు కలిపి రోట్లో వేసి దంచుతుంటే, ఆ చప్పుడుకు కింది పోర్షన్ వాళ్లు మొదట్లో ఇల్లు మరమ్మతు చేస్తున్నారనుకున్నారు.

పెరడు లేదు, డాబా ఉంది. పాత పెయింటు డబ్బాల్లో, థర్మోకోల్ పెట్టెల్లో బెండ, వంకాయ, టమాటా, తీగ బచ్చలి, పుంటికూర పెట్టాం. కోతులు ఒక పద్ధతి ప్రకారం వస్తాయి. టమాటా ఎర్రబడిన రోజు అవి, మర్నాడు మేం. బెండకాయ లేతగా ఉన్నప్పుడు అవి, ముదిరితే మాకు. పుంటికూర డబ్బా దగ్గర మాత్రం ఒక ఆకు తుంచి, నమిలి, మొదటి రోజు నేను పెట్టిన మొహమే పెట్టి పోతాయి. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు ఊరంతా గగ్గోలు. అత్తమ్మ చలించలేదు. "టమాట పులుపు పులుపేనా? అది రంగు" అని డాబా ఎక్కి పుంటికూర కోసుకొచ్చింది. వానాకాలం ఆర్మూర్ వైపు పోతే అంకాపూర్‌లో మక్కబుట్టలు కాల్పించుకుంటాం. పాలు కారే గింజ, తియ్యగా ఉంటుంది, నాకు ప్రాణం. దాని మీద నిమ్మచెక్కతో ఉప్పు, కారం రుద్దిస్తుంది అత్తమ్మ. తీపి తనంతట తాను దొరికినా వదలదు.

ఏటా ఎండాకాలం ముందు మిరపకాయలకు ధర్మాబాద్ పోవడం ఇక్కడి ఇళ్లలో ఆనవాయితీ. పోయినేడు అత్తమ్మ కూడా నాతో వచ్చింది. మా అమ్మ పొద్దుటి నుంచీ కిందామీదా పడి వంట చేసింది. వియ్యపురాలికి పెట్టే పప్పు కదా, బెల్లం ఇంకొంచెం ఉదారంగానే వేసింది. అత్తమ్మ రెండు ముద్దలు తిని, చాలా మర్యాదగా, "పాశం మంచిగున్నది వదినా. మరి పప్పేది?" అంది.

ఈ ఏడాది మిరపకాయలు తీసుకోవడానికి మమ్మల్ని రమ్మనలేదు మా అమ్మ. రైల్లో నిజామాబాద్ వచ్చేవాళ్లతో మూట కట్టి పంపించింది. మూటలో అడుగున, ఎవరికీ కనబడకుండా, నాకోసం ఒక బెల్లం దిమ్మ.

మూట విప్పింది అత్తమ్మ.

"మంచిదాయె, ఉగాదికి కొనే పనిలేదు" అని తీసి అటక మీద పెట్టింది.