నేను ఢిల్లీ కనకాంబరాన్ని

నాకు గింజ కట్టదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా బతుకంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. మామూలు మొక్కల కణాల్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయి. నాలో మూడు వరుసలున్నాయి. పుప్పొడి, అండం తయారయ్యే వేళ ఆ మూడింటినీ రెండు సమానమైన పాళ్లుగా పంచడం కుదరదు. మీరు తినే అరటిపండులో విత్తనం లేకపోవడానికీ ఇదే కారణం. అందుకని నా పుట్టుక ఎప్పుడూ కొమ్మ కత్తిరింపుతోనే. పుంగనూరులో ఈ పెరట్లో ఉన్న నేను, కుప్పం వైపు పొలాల్లో సాళ్లుగా నిలబడ్డ నేను, అందరం ఒకే ఒంటి ముక్కలం.

పేరులో ఢిల్లీ ఉన్నా మా జాతి సొంత గడ్డ దక్షిణ భారతం, శ్రీలంక. అడ్డసరం మాకు చుట్టం. స్వీడన్‌లో 1950ల్లో మా జాతినుంచి ‘మోనా వాల్‌హెడ్’ అనే పొట్టి రకాన్ని తెచ్చి యూరప్ ఇళ్లకు కుండీ మొక్కగా అలవాటు చేశారు. అక్కడ మమ్మల్ని కిటికీ పక్కన పెట్టి చూసుకుంటారు. ఇక్కడ మూరలు కట్టి జడలో పెట్టుకుంటారు. వాసన లేని పువ్వుకు మల్లెపూల పక్కన సమానంగా చోటిచ్చిన ఆడవాళ్లు ఈ సీమవాళ్లు. అందుకే నాకు ఈ ఊరంటే ప్రాణం.

నన్ను ఎంచుకున్న రోజు నర్సరీలో కొంత వాదనే జరిగింది.

“అన్నా, పూలు బాగా పూసే రకం ఇయ్యి,” అంది ఈ ఇంటి కోడలు.

“ఢిల్లీ తీసుకో అక్కా. రేకు పెద్దది, రంగు ముదురు. రెండు దినాలైనా వాడదు.”

అత్త ఒప్పుకోలేదు. “గింజ కట్టనిదాన్ని నమ్ముకుంటే ఎట్ల మే? అది పోతే మళ్లా యాడ తెస్తావు? నాటుది గూడా ఒగటి తీసుకో.”

“చోటు యాడుంది అత్తా?”

కోడలి మాటే నెగ్గింది. నర్సరీలో వేరే రకాలు లేక కాదు. గింజతో మొలిచే నాటు నారింజ రంగుది ఉంది. లేత పసుపు లూటియా ఉంది. బెంగళూరు పక్క హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన అర్క అంబర, అర్క కనక, అర్క చెన్న లాంటి రకాలూ ఉన్నాయి. రకం ఎంచుకునేటప్పుడు అందరూ రంగే చూస్తారు. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. కంకి ఎంత పొడుగు? కోసిన పువ్వు ఎంతసేపు నిలుస్తుంది? వేరు ఎంత గట్టిది? చివరిది అత్త అడిగిన ప్రశ్నే: తిరిగి పుట్టించుకోవడం ఎట్లా?

పుంగనూరు సముద్రమట్టానికి 700 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఎండాకాలం రాత్రులు చిత్తూరంత ఉడకవు. నీరు ఇంకిపోయే ఎర్ర నేల. నాకు సరిగ్గా సరిపోయే చోటు. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం కాస్త నీడ పడితే చాలు, కంకి మీద కంకి వేస్తాను. మరీ చీకటి మూలలో పెడితే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కంకిలో పూలు కిందినుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి కాబట్టి దినం మార్చి దినం కోస్తే మేలు. కోడలు చీకటితోనే వచ్చి, వేళ్ల కొసలతో ఒక్కో పువ్వునూ లాగి పళ్లెంలో వేసుకుంటుంది. సుగుటూరు గంగమ్మ జాతర దినాల్లో పక్కింటివాళ్లూ వచ్చి అడుగుతారు. ఆ వారమంతా నా కంకులు బోడిగానే ఉంటాయి. నాకదే సంబరం.

ఒకసారి నా లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోయాయి. ఎరువు చాలలేదనుకుని పేడ తెచ్చి పోశారు. నాకు తక్కువైంది ఇనుము. ఈ ప్రాంతంలో బోర్లు లోతు, నీళ్లలో క్షారం ఎక్కువ. అలాంటి నీళ్లు పోస్తూ పోతే నేలలో ఇనుము ఉన్నా నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకుల మీద చల్లాక తేరుకున్నాను.

నాతోపాటు వచ్చిన తోటి మొక్కలకు ఆ అదృష్టం లేదు. వాటిని పాత టమాటా మడిలో నాటారు. మదనపల్లె మార్కెట్టును నమ్ముకున్న ఊళ్లివి, టమాటా పండని మడి అరుదు. టమాటా వేర్లమీద బుడిపెలు కట్టించే నులిపురుగు మా వేర్లనూ వదలదు. అది చేసిన గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం లోపలికి దూరుతుంది. పొద్దున నవనవలాడిన మొక్క సాయంత్రానికి తల వాల్చేసింది. దాని పక్కది, ఆ పక్కది, అన్నీ అంతే. ఒకే ఒళ్లు కాబట్టి తెగులుకు ఒకరు ఆగి ఇంకొకరు లొంగడమనేది మాలో ఉండదు. ముందు ఆ మడిలో బంతి వేసి ఉంటే, గుంటలో వేపపిండి కలిపి ఉంటే నులిపురుగు చాలావరకు తగ్గేది.

ఇది నా ఒక్కదాని కథ కాదు, హోస్టా అనే మొక్కదీ ఇంతే. ఈ ఇంటి మనుమరాలు అమెరికాలో ఉంటుంది. అక్కడ నీడ పెరళ్లకు రాణి హోస్టా. జపాన్, కొరియా, చైనాల మొక్క. నీలం, బంగారు, తెల్లంచు ఆకులతో వేల రకాలు. మనుమరాలు ఫోన్‌లో చూపిస్తే కోడలు ముచ్చటపడి, “ఒక దుంప పంపిస్తే ఈడ గూడా పెట్టుకుందుము,” అంది. ఇక్కడ అది బతకదు. శీతాకాలంలో వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతే తప్ప వసంతంలో దాని మొగ్గ బలంగా లేవదు. అంత చలి పుంగనూరులో లేదు. ఆ హోస్టానూ రకం తప్పకుండా ఉండాలని దుంప చీల్చి పంచుకుంటారు. అలా పంచుకున్న మొక్కలతోనే ఒక వైరస్ తోటనుంచి తోటకు పాకింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1996లో దాన్ని గుర్తించి హోస్టా వైరస్ ఎక్స్ అని పేరు పెట్టారు. కత్తి అంచున రసం అంటితే చాలు, అది సోకుతుంది. మొదట్లో దాని మచ్చలను కొత్త రకం అందమనుకుని కొన్నవాళ్లూ ఉన్నారు.

నాటు కనకాంబరం పువ్వు నాకంటే చిన్నదే. కానీ గింజనుంచి వచ్చే ప్రతి మొలకా కాస్త వేరుగా ఉంటుంది. పది చచ్చినా ఒకటి తట్టుకుని నిలిచే దారి దానికుంది. ఎండిన కాయ మీద వాన చినుకు పడితే చిట్లి, గింజలు దూరంగా ఎగురుతాయి. ఆ దారి నాకు లేదు. అత్త మాటే నిజం.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ వానాకాలం నన్ను నాటుకోండి. తెగులు లేని మొక్క చూసి జానెడు కొమ్మ కోయండి, కింది ఆకులు తీసి ఇసుకలో గుచ్చండి, మూడు నాలుగు వారాల్లో వేరు వేస్తాను. కత్తిని మాత్రం మొక్క మొక్కకూ కడగండి. నన్ను పెట్టిన మడికి దూరంగా, గోడవారన నాటు కనకాంబరానికి కూడా చోటివ్వండి. దాని కంకులు రెండు కోయకుండా ఎండనిచ్చి, కాయ చిట్లకముందే గింజ తీసి దాచుకోండి. పక్కింటివాళ్లకూ కాసిని పంచండి.