సోకు ఫార్మాట్‌ది

లాప్‌టాప్ మూత మూసి, భోంచేసి వచ్చి తెరిస్తే మౌస్ బాణం కూడా ఆయాసపడుతూ కదులుతుంది. పొద్దున ఆన్ చేసినప్పుడు చక్కగా పరిగెత్తిన యంత్రమే. స్లీప్‌లోంచి లేచాకే ఈ నీరసం. ఆ ఒక్క ముక్క వింటే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. వినే ఓపిక ఎవరికుంది? మందు ముందే నూరి పెట్టి ఉంటుంది.

ఇంటివైద్యం రిఫ్రెష్. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, రిఫ్రెష్. మళ్ళీ రైట్ క్లిక్, రిఫ్రెష్. చేతిలో జపమాల ఒక్కటే తక్కువ. వీధి చివర కంప్యూటర్ సెంటర్లో ఎంఎస్ ఆఫీస్‌తోపాటు ఉచితంగా అబ్బిన విద్య ఇది. అది చేసేదల్లా తెర మీది ఐకాన్లను మరోసారి గీయడం. ర్యామ్ ఖాళీ కాదు, ప్రాసెసర్ వేగం పెరగదు. నొక్కినవాడికి కాస్త మనశ్శాంతి, అంతే.

ఇంకొంచెం తెలిసినవాడు రన్ తెరిచి టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు ఊడ్చేస్తాడు. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసి పెట్టుకున్న చిట్టా ఆ ప్రీఫెచ్. వేగం కావాలని దాన్నే చెత్తబుట్టలో పడేసి, చేతులు దులుపుకుని, ‘ఇప్పుడు చూడండి’ అంటాడు.

ఆ తర్వాత షాపు.

“వైరస్ సార్. విండోస్ కొట్టేద్దాం.”

“స్లీప్ నుంచి లేచాకే స్లో అవుతోందయ్యా.”

“అదే సార్, వైరస్.”

మధ్యాహ్నం మూత మూసేదాకా మర్యాదగా ఉండి, తెరవగానే విజృంభించే వైరస్! ఎంత వేళాపాళా తెలిసినది!

అసలు సంగతి ఇంత మార్మికం కాదు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో ఏసీపీఐ అనే ఒడంబడిక రాసుకున్నాయి. అందులో ఎస్3 అనే నిద్రలో ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగుతుంది. లేచేటప్పుడు బయోస్, డ్రైవర్లు ఒక్కో భాగాన్నీ మళ్ళీ పనిలోకి దింపాలి. ఎవరైనా సగంలో వదిలేస్తే నీరసం అక్కడ మొదలు. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3కి బదులు మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది. ఫోన్‌లాగా సగం మెలకువతో పడుకోవడం దాని గొప్ప. బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ కాస్తా తాగేసి బయటికి రావడం ఆ గొప్పలో భాగమే.

టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ వేగం చూడడానికి అర నిమిషం చాలు. పని పడినా 0.4 గిగాహెర్ట్జ్ దగ్గరే బిగుసుకుపోయిందంటే ఎవరో ప్రాసెసర్‌కి ‘ఒళ్లు కాలుతోంది, మెల్లగా పో’ అని అబద్ధం చెప్పారన్నమాట. కొన్ని యంత్రాల్లో నిద్ర లేచాక చార్జర్‌ని గుర్తుపట్టకపోయినా ఇదే శిక్ష. పిన్ను ఊడదీసి మళ్ళీ పెట్టి చూడొచ్చు. ఫర్మ్‌వేరే వేగాన్ని బిగించి ఉంటే ఈవెంట్ వ్యూయర్‌లో 37 నంబరుతో ఫిర్యాదు రాసి ఉంటుంది. చదివేవాడే లేడు. బయోస్, చిప్‌సెట్ డ్రైవర్ల అప్‌డేట్లు కంపెనీ సైట్లో ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికేదాన్ని నమ్మేదెవరు?

మరి ఫార్మాట్ చేస్తే బాగుపడిందిగా అంటారు. పడుతుంది. ఫార్మాట్‌లో ఎన్నో రీస్టార్ట్‌లు ఉన్నాయి. టెంప్ ఊడ్చినవాడూ చివర్లో ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి’ అంటాడు. ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దినవాడూ కరెంటు తీసే రుద్దుతాడు. డ్రైవర్లన్నీ మొదటి నుంచి లేచాయి, నీరసం వదిలింది. సొమ్మొకరిది, సోకొకరిది. మీ పెళ్లి ఫొటోలు మాత్రం సి డ్రైవ్‌తోపాటు పోయాయి.

రోజూ రాత్రి బుద్ధిగా షట్ డౌన్ చేసేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పుణ్యమా అని, అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కూడా సగం నిద్రే. కర్నెల్‌నీ డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచి, పొద్దున అలాగే లేపుతుంది. టాస్క్ మేనేజర్లో అప్‌టైమ్ చూడండి, రోజుల తరబడి మేలుకునే ఉన్నానంటుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే నొక్కాలి.

ఫార్మాట్ అయిన లాప్‌టాప్ ఇంటికొచ్చి, మూత మూసి తెరవగానే మళ్ళీ మొరాయిస్తుంది. షాపాయన దగ్గర దానికీ జవాబుంది.

“అయితే ఎస్‌ఎస్‌డీ వేయించాలి సార్.”