క్లీనర్ లేని కారు

కారు కొన్న రోజు షోరూమ్ కుర్రాడు ఇంజిన్ గురించి నాలుగు ముక్కలు చెప్పి, దాని నోటి గురించి మాత్రం నలభై నిమిషాలు చెప్పాడు. "ఇక మీరు ఫోను ముట్టుకునే పనే లేదు సార్. ఏసీ కావాలంటే నోటితో చెప్పండి. పాట కావాలంటే నోటితో చెప్పండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే పేరు చెప్పండి, చాలు. చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద. ఫుల్ సేఫ్టీ సార్" అన్నాడు. చేతులకీ కళ్లకీ డ్యూటీలు వేశాడు గానీ బుర్ర ఎక్కడుండాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికి నా బుర్ర ఈఎమ్‌ఐ దగ్గర ఉంది.

మొదటి వారమంతా కారుకీ నాకూ సంధి కుదరలేదు. మా ఇంట్లో రెండు తెలుగులున్నాయి. నాది కోదాడ తెలుగు, మా ఆవిడది అమలాపురం తెలుగు. కారుకి రెండూ రావు. ఫోను నయం, 2017 నుంచీ దానికి తెలుగు మాటలు అర్థమవుతున్నాయి. కారు మాత్రం పక్కా ఇంగ్లీష్ మీడియం. "వెంకటేశ్వర్లుకి ఫోన్ చెయ్" అంటే సారీ అంది. "కాల్ వెంకటేశ్వర్లు" అన్నా సారీయే. చివరికి నోరు ఓ పక్కకి తిప్పి, ముక్కులోంచి "కాల్ వెంక్టేస్వార్లూ" అన్నాను, తెల్లదొర తిరపతి వెళ్లి ముడుపు కట్టినట్టు. వెంటనే రింగయింది. ఆ రోజు నుంచి మా బంధువులందరి పేర్లూ అలాగే పలుకుతున్నాను. మొన్నో పెళ్లిలో పొరపాటున మా మేనత్తని "అనసూయమ్మత్తా" అనబోయి "యానా సూయా" అన్నాను. కారు నా దగ్గర తెలుగు నేర్చుకుంటుందనుకున్నాను, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో ఆవిడ ముఖం చూశాక తెలిసింది.

పేరు అర్థమైనా గండం గడిచినట్టు కాదు. "రమణ" అంటే ఆరుగురు రమణల్ని వరసగా నిలబెడుతుంది: రమణ ప్లంబర్, రమణ చీటీ, రమణ పాత నంబర్, రమణ కొత్త నంబర్, రమణ బ్యాంక్, రమణ డబ్బులివ్వాలి. ఇందులో ఎవరు కావాలో తేల్చుకుని చెప్పేసరికి అమీర్‌పేటలో ఎక్కిన వంతెన బేగంపేటలో దిగుతోంది. మధ్యలో రోడ్డెలా ఉందో నాకు గుర్తులేదు. ఉండే ఉంటుంది.

మాట వినే కారు కొత్తదేం కాదు. మెర్సిడెస్ వాళ్లు 1996లోనే ఎస్-క్లాసులో పెట్టారు. మన దేశంలో ఆ కారు కొనేవాళ్లకి సాధారణంగా డ్రైవరూ ఉంటాడు, నంబరు కలిపిచ్చే పీఏ కూడా ఉంటాడు. ఏ సౌకర్యమైనా ముందు అవసరం లేనివాడి గుమ్మంలోనే దిగుతుంది కదా. మన దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. వచ్చీ రాగానే మనం దాన్ని సేఫ్టీ ఖాతాలో వేశాం.

ఇందులో చట్టం తప్పేమీ లేదు, చట్టం చేతుల్ని చూసింది, అంతే. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 184వ సెక్షన్‌లో, ప్రమాదకరమైన డ్రైవింగ్ అంటే ఏమిటో ఒక పట్టీ రాశారు. ఎర్ర సిగ్నల్ దాటడం అందులో మొదటిది. చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం మూడోది. మొదటిసారి దొరికితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మరుసటి ఏడాది రూల్స్‌లో ఇంకో వెసులుబాటు ఇచ్చారు: దారి చూసుకోవడానికైతే ఫోను వాడుకోవచ్చు, ఏకాగ్రత మాత్రం చెడకూడదు. ఏకాగ్రతని చలానా కెమెరా ఎలా ఫోటో తీస్తుందో రూల్స్‌లో రాయలేదు.

"చేత్తో పట్టుకునే" అన్న మాటని మనవాళ్లు ఎంత శ్రద్ధగా చదివారో తెలియాలంటే పొద్దున తొమ్మిదింటికి ఏ సిగ్నల్ దగ్గరైనా నిలబడండి. స్కూటర్ ఆసామి హెల్మెట్‌కీ దవడకీ మధ్య ఫోను దూర్చి, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, భార్యకి కూరగాయల లెక్క చెబుతుంటాడు. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో పోలీసులు ఇరవై ఏళ్లు మైకు పట్టుకుని చెప్పినా అర్థం కానివాడికి, ఫోను నిలబెట్టడానికి పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆటో అన్నయ్యది ఇంకా పాత పద్ధతి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, మెడ వాల్చేసి, లోకాన్నంతా నలభై అయిదు డిగ్రీల వాలులో చూస్తూ నడుపుతాడు. ఈ ఇద్దరి మీదా నాకు గౌరవం. బ్లూటూత్ లేదు, లక్షలు పోయలేదు, చేతులు మాత్రం నా చేతులంత ఖాళీగానే ఉన్నాయి.

ఖాళీ లేనిది ఎక్కడో పరాయి దేశాల వాళ్లు ఎప్పుడో లెక్క తీశారు. 1997లో కెనడాలోని టొరంటోలో, ప్రమాదాల్లో ఇరుక్కున్న 699 మంది డ్రైవర్ల ఫోను రికార్డులు తిరగేస్తే, ఫోను మాట్లాడుతున్నప్పుడు బండి గుద్దుకునే అవకాశం నాలుగింతలని తేలింది. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదం జరిగి ఆసుపత్రికొచ్చిన డ్రైవర్ల రికార్డులు చూశారు. అక్కడా నాలుగింతలే, ఫోను చేతిలో ఉన్నా సరే, లేకపోయినా సరే. మధ్యలో 2001లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ బృందం, ఫోను మాట్లాడేవాళ్లు ఎర్ర దీపాన్ని ఎన్నిసార్లు వదిలేస్తున్నారో లెక్కపెట్టింది. హ్యాండ్స్‌ఫ్రీ వాళ్లూ అన్నిసార్లే వదిలేశారు. కళ్లు దీపం మీదే ఉంటాయట, కనబడదట. ఇది మనకి కొత్త కాదు. పేపర్లో తల దూర్చినవాడు ఇంట్లో చెప్పినదానికల్లా ఊఁ కొట్టి, సాయంత్రం "ఎప్పుడు చెప్పావ్?" అంటాడు చూడండి. హ్యాండ్స్‌ఫ్రీ మాట్లాడేవాడి కళ్లు రోడ్డుకి అలాగే ఊఁ కొడుతుంటాయి.

కారుకి నోరొచ్చాక సంగతి ఇంకా ముదిరింది. స్ట్రేయర్ వాళ్లే అమెరికా వాహనదారుల సంస్థ ట్రిపుల్-ఏ కోసం 2013లో కొలిస్తే, రేడియో వినడం కన్నా, ఫోను మాట్లాడటం కన్నా, యంత్రానికి మెసేజ్ చెప్పి రాయించడమే బుర్రని ఎక్కువ తిన్నది. 2015లో మళ్లీ కొలిచారు. మాటతో ఆజ్ఞాపించడం అయిపోయాక కూడా బుర్ర పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని కార్లలో 27 సెకన్ల దాకా పడుతోందట. మా అమీర్‌పేట సాయంత్రాల్లో 27 సెకన్లలో బండి 27 అడుగులు కదిలితే పాలాభిషేకం చెయ్యాలి కాబట్టి, నగరవాసులకి భయం లేదు. అదే ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకి 100 కిలోమీటర్ల మీద వెళ్తుంటే, "ఏసీ తగ్గించు" అన్నాక మీరు లేని కారు 750 మీటర్లు వెళ్తుంది. ఏసీ మాత్రం తగ్గుతుంది.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2011లోనే తెగేసి చెప్పింది, బండి నడిపేటప్పుడు ఫోను కబుర్లు వద్దు, హ్యాండ్స్‌ఫ్రీ అయినా వద్దు అని. అక్కడున్న యాభై రాష్ట్రాల్లో డ్రైవర్లందరికీ హ్యాండ్స్‌ఫ్రీని నిషేధించిన రాష్ట్రం ఒక్కటీ లేదు. పోనీలెండి, ఈ విషయంలో అగ్రరాజ్యం మన పంక్తిలోనే కూర్చుంది.

నిజం చెప్పాలంటే, నంబరు వెతకడానికి తల వంచేవాడికన్నా పేరు పలికేవాడు నయమే. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇదివరకు ఫోను తియ్యాలంటే బండి పక్కకి ఆపాలి, ఆపడానికి బద్ధకం, కాబట్టి దారిలో ఎవరికీ చేసేవాణ్ణి కాదు. బద్ధకం నన్ను అంతకాలం కాపాడింది. ఇప్పుడు తాళం తిప్పగానే కారంతా ఆఫీసు. పదిన్నర మీటింగు కూకట్‌పల్లిలో మొదలై మాదాపూర్‌లో ముగుస్తుంది. మా మేనేజరుకి తెలుసు నేను డ్రైవింగ్‌లో ఉన్నానని. "డ్రైవింగ్‌లో ఉన్నావా? పర్లేదు, హ్యాండ్స్‌ఫ్రీయే కదా" అని ఎక్సెల్ షీట్‌లో పద్నాలుగో వరస చదవడం మొదలుపెడతాడు.

మాట సాయంతో బండి నడపడం అసలు మనకి తెలియని విద్యా? మా చిన్నాన్నకి లారీ ఉండేది. కోదాడ నుంచి బెజవాడ, బెజవాడ నుంచి హైదరాబాదు. పక్కన క్లీనర్ ఉండేవాడు. డ్రైవర్ నిద్రపోకుండా రాత్రంతా మాట్లాడటం అతని ఉద్యోగంలో సగం. సెలవుల్లో రెండుసార్లు నేనూ ఎక్కాను. ఏదో దెయ్యం కథ చెబుతుండేవాడు, చింతచెట్టు దగ్గర తెల్లచీర కనిపించేదాకా వచ్చి ఠక్కున ఆగిపోయేవాడు. ఎదర గేదెలు. "అన్నా, ఎడం పక్క దూడ ఉంది." గేదెలు దాటేదాకా తెల్లచీర చింతచెట్టు దగ్గరే నిలబడేది. దాటాక కథ మళ్లీ కదిలేది. రివర్సు తియ్యాలంటే కిందికి దూకి, డొక్క మీద అరచేత్తో బాదుతూ "రానీ, రానీ, రానీ... ఆపాపాపు" అనేవాడు. అతను అన్న ప్రతి మాటా రోడ్డులోంచి పుట్టిందే. ఒక్కసారైనా "సారీ, అర్థం కాలేదు" అన్నవాడు కాదు.

ఈ క్లీనర్ విద్యని కూడా యూటా వాళ్లు 2008లో పరీక్షించారు. పక్క సీట్లో కూర్చుని మాట్లాడేవాడు రోడ్డు చూసి మాట తగ్గిస్తాడు, మలుపొస్తే గుర్తుచేస్తాడు. ఫోనులో ఉన్నవాడికి గేదె కనబడదు. ఫోను మాట్లాడుతూ నడిపినవాళ్లలో సగం మంది దిగాల్సిన చోటు దాటి వెళ్లిపోయారట. మనం దెయ్యం కథని ఉంచుకుని క్లీనర్‌ని దింపేశాం.

ఇంతా తెలిసి నేను మానేశానా? మానలేదు. మొన్న మా ఇంటి ఓనర్ గారు లక్డీకాపూల్ దాకా లిఫ్ట్ అడిగారు. కాదంటే అద్దె సంగతెత్తుతారు, ఎక్కించుకున్నాను. వెనక సీట్లో సర్దుకుని కూర్చుని, అద్దె సంగతే ఎత్తారు.

"నిన్న మూడుసార్లు చేశానండీ, మీరు ఎత్తలేదు. నంబరు గాని మారిందా?"

"లేదండీ, సిగ్నల్ అందలేదేమో."

"అయితే ఇప్పుడోసారి కొడతా, వస్తుందో రాదో చూద్దాం."

వద్దనే లోపలే కొట్టారు. ఎర్రమంజిల్ దాటుతున్నాం. కారు నిండా గంటలు మోగాయి. తర్వాత ఆ ఇంగ్లీష్ మీడియం గొంతు, నా ఫోనులో ఆయన పేరు నేను ఎలా రాసుకున్నానో అలా, పొల్లుపోకుండా ప్రకటించింది: "కాల్ ఫ్రమ్... ఎట్టోడూ ఓనార్."

నేను రాసుకున్నది "ఎత్తొద్దు ఓనర్". దాని ఉచ్చారణకి నేను పెట్టిన దండాలన్నీ ఆ క్షణంలో సార్థకమయ్యాయి. ఆయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోవడం ఇంకో అదృష్టం, లేకపోతే డాష్‌బోర్డు మీద అరచేయంత అక్షరాలతో ఉంది.

"నాదే కాలు. ఓనర్ అంది, బానే ఉంది. ఆ ముందు ఎట్టోడు అంటే ఏంటండీ?"

"గౌరవం కోసం పెట్టానండీ. కారు భాషలో శ్రీయుత లాంటిది."

"అట్లాగా!" అని మురిసిపోయి, ఆయనే తర్వాత వాక్యం కూడా అన్నారు. "మా అల్లుడు డల్లాస్‌లో కార్ల సాఫ్ట్‌వేరే చేస్తాడు. సాయంత్రం మాట్లాడతాడు, అడుగుతాలెండి."

కారు "ఆన్సర్? డిక్లైన్?" అని అడుగుతూనే ఉంది. అల్లుడికి తెలుగు ఎంత వచ్చో, ఏ ఊరివాడో, ఎట్టోడూ అన్నది ఎత్తొద్దు అవడానికి డల్లాస్‌లో ఎంతసేపు పడుతుందో, ఓనర్ గారు అడ్వాన్సు తిరిగిస్తారో లేదో, ఈ లెక్కలు వేసుకుంటూ ఖైరతాబాద్ చౌరస్తా దాటాను. అక్కడ సిగ్నల్ ఉంటుందని పదిహేనేళ్లుగా తెలుసు.

నాలుగో రోజు ఈ-చలానా వచ్చింది, ఫోటోతో సహా. ఎవరు తీశారో గానీ, ఎదురుగా నిలబడి స్పష్టంగా తీశారు. వెనక సీట్లో ఓనర్ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతున్నారు. ముందు సీట్లో నేను, నోరు తెరుచుకుని ఉన్నాను. చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.