గుడ్డు పెట్టిన వంతెన

వెనిస్‌లో గ్రాండ్ కెనాల్ మీద 2008లో నాలుగో వంతెన కట్టారు. పేరు రాజ్యాంగ వంతెన! రాజ్యాంగం ముందు అందరూ సమానమే. వంతెన ముందు మాత్రం మెట్లెక్కగలిగినవాళ్లే. అటు రైల్వే స్టేషన్, ఇటు బస్సులు, మధ్యలో గాజు మెట్లు వేశారు. చినుకు పడితే కాళ్లున్నవాళ్లే జారిపోయేవారు. వీల్‌చెయిర్ల సంగతి కట్టేటప్పుడు గుర్తు రాలేదు కాబోలు, తర్వాత వాటిని అవతలికి చేర్చడానికి గుడ్డు ఆకారంలో ఓ డబ్బా తగిలించారు. అది నత్తనడక. ఎండాకాలం లోపల కూర్చుంటే ఉడికిన గుడ్డే. పైగా మాటిమాటికీ మొరాయింపు. 2020లో దాన్నీ పీకేశారు. పాపం, పడవ బస్సే నయం, వీల్‌చెయిర్‌ను తిన్నగా లోపలికి ఎక్కించుకుంటుంది.

ఊళ్లో వంతెనలు నాలుగొందలకు పైనే, చాలావాటికి మెట్లే. పురాతన నగరం కదా, రాయి కదపకూడదు! అయితే అక్టోబరులో మారథాన్ వస్తే మాత్రం దారిలోని వంతెనల మీద చెక్క ర్యాంపులు చకచకా పరుచుకుంటాయి. ఎవరికోసం? నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తగలిగే కాళ్ల కోసం. పరుగు అయ్యాక కొన్ని నెలలు వాటిని అలాగే ఉంచుతారు, అదీ వీల్‌చెయిర్లకు దక్కిన ప్రసాదం.

కాబట్టి వీల్‌చెయిర్‌లో వెనిస్ వెళ్లేవారు విమానం టికెట్టు కొనేముందు మారథాన్ తేదీ కనుక్కోండి.